ఆంధ్రప్రదేశ్‌లో విహారం

ఆంధ్రప్రదేశ్‌లో చూడదగిన చోట్లు మూడు రకాల నేలల మీద పరచుకుని ఉన్నాయి. తూర్పున దాదాపు వెయ్యి కిలోమీటర్ల సముద్రతీరం, దాని వెనక గోదావరి, కృష్ణా, పెన్నా నదులు మేట వేసిన మాగాణి. ఉత్తరాన మన్యం నుంచి దక్షిణాన శేషాచలం దాకా తెగుతూ కలుస్తూ సాగే తూర్పు కనుమలు. పడమట బండలూ చెరువులూ కోటలూ నిండిన రాయలసీమ పీఠభూమి. ఒక్కో నేలకు ఒక్కో కాలం నప్పుతుంది. గోదావరి వరద మీదున్నప్పుడు పాపికొండలకు పడవ కదలదు, అదే వరదకు ఎదురీదుతూ పులస చేప వస్తుంది. లంబసింగిలో మంచు చూడాలంటే డిసెంబరు, జనవరి నెలల్లోనే వెళ్ళాలి. శ్రీశైలం జలాశయం గేట్లు ఎత్తే దృశ్యం కావాలంటే కృష్ణకు వరద వచ్చేదాకా ఆగాలి. అందుకే ఈ రాష్ట్రంలో విహారానికి ఊరికంటే ముందు నెలను ఎంచుకోవాలి.

బయటి నుంచి వచ్చేవారిలో చాలామంది తిరుమల కోసమే వస్తారు, దర్శనం కాగానే తిరుగు రైలెక్కుతారు. రాష్ట్రంలో ఉండేవారికి కూడా సెలవులనగానే తిరుపతి, విశాఖపట్నం, అరకు అనే మూడు పేర్లే ముందు తడతాయి. ఆ మూడూ గొప్పవే. గండికోట లోయ, బెలుం గుహలు, లేపాక్షి కప్పుమీది చిత్రాలు, కోనసీమ ప్రభలు, పులికాట్ రాజహంసలు వాటికి ఏమాత్రం తీసిపోవు. ఇవి చూడకుండా ఆంధ్రప్రదేశ్ చూశామనుకోవడం కుదరదు.

విశాఖ తీరం, మన్యం

విశాఖపట్నంలో కొండలు సముద్రం దాకా వచ్చి ఆగుతాయి. ఓడరేవు పక్కన నీళ్ళలోకి చొచ్చుకుపోయిన డాల్ఫిన్ నోస్ కొండ, ఉత్తరాన రోప్‌వే మీద ఎక్కే కైలాసగిరి, రెంటి నడుమ రామకృష్ణా బీచ్. ఆ ఒడ్డునే ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి ఉంది. సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ నౌక 1969లో భారత నౌకాదళంలో చేరి, 2001లో విధుల నుంచి విరమించి, మరుసటి ఏడు మ్యూజియంగా మారింది. తొంభై మీటర్ల పొడవున్న ఆ ఇరుకు ఇనుపగొట్టంలో టార్పెడోల గది నుంచి వంటగది దాకా ఒంగి నడుస్తూ వెళితే, రోజుల తరబడి నీటి అడుగున బతికిన నావికుల జీవితం ఎలాంటిదో తెలుస్తుంది. పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం మరొకటి దొరకదు. రోడ్డుకు అవతల 2017 నుంచి టీయూ-142 గస్తీ విమానాన్ని కూడా ప్రదర్శనకు ఉంచారు.

ఋషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. అక్కడి నుంచి భీమునిపట్నం వెళ్ళే దారిలో కొండల మీద తొట్లకొండ, బావికొండ బౌద్ధారామాల శిథిలాలు ఉన్నాయి. భిక్షువులు వర్షాకాలం గడిపిన గదుల పునాదులు, రాతిలో తొలిచిన నీటితొట్లు, ఎదురుగా సముద్రం కనిపిస్తాయి. ఇంకాస్త ముందుకు వెళితే ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. వేల ఏళ్ళపాటు గాలి తెచ్చిపోసిన తీరపు ఇసుక, అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది. వానలు దాన్ని కోసి లోతైన వాగులుగా, నిలువు గోడలుగా మార్చాయి. భారత భూవిజ్ఞాన సర్వే దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో తిరుమల కొండలతోపాటు యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చోటు దక్కింది. ఈ గోడలు చెయ్యి తగిలితే రాలే మట్టి. అంచుల మీద ఎక్కి తిరగకుండా వాగుల అడుగున నడవడమే సరైన పద్ధతి.

అరకుకు రోడ్డు మీద త్వరగా చేరవచ్చు, అయినా రైలే ఎక్కాలి. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడం కోసం 1960వ దశకంలో కొత్తవలస నుంచి కిరండూల్‌కు ఈ లైను వేశారు. సరుకు కోసం వేసిన ఆ దారి ఇప్పుడు దేశంలోని అందమైన రైలు ప్రయాణాల్లో ఒకటి. 58 సొరంగాలు దాటుతూ, లోయల అంచున మెలికలు తిరుగుతూ వేయి మీటర్ల ఎత్తుకు దగ్గరగా ఉండే శిమిలిగూడ స్టేషన్ దాకా ఎక్కుతుంది. అద్దాల కప్పున్న విస్టాడోమ్ పెట్టెకు ముందే టికెట్ చేయించుకోవాలి. బొర్రా గుహలు స్టేషన్లో దిగి గుహలు చూసి, మిగతా దారి జీపులో వెళ్ళడం చాలామంది పాటించే పద్ధతి. సున్నపురాతిలోకి లక్షల ఏళ్ళుగా ఇంకిన నీరు చెక్కిన గుహ ఇది. పైనుంచి వేలాడే సున్నపు ఊడలు, కింది నుంచి లేచిన మొనలు కొన్నిచోట్ల కలిసి స్తంభాలయ్యాయి. గోస్తనీ నది పుట్టుకను ఈ గుహతోనే ముడిపెడతారు.

అరకులోయ అసలు అందం నవంబరు, డిసెంబరు నెలల్లో వలిసె పూలు పూసినప్పుడు చూడాలి. కొండవాలు పొలాలన్నీ పసుపుపచ్చగా మారతాయి. చుట్టూ సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. గిరిజన రైతులు పండించే అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఊళ్ళో గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట ఉన్నాయి. ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసి వలయంగా ఆడే థింసా నృత్యం, పచ్చివెదురు గొట్టంలో మసాలా కలిపిన మాంసం కూరి నిప్పుల మీద కాల్చే బొంగులో చికెన్ ఇక్కడివే. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద తెల్లవారుజామున నిలబడితే మేఘాలు కాళ్ళకింద పరచుకుని ఉంటాయి. చింతపల్లి మండలంలోని లంబసింగి చలికాలంలో దక్షిణాదిలోకెల్లా చల్లని ఊళ్ళలో ఒకటి.

ఉత్తరాంధ్రలో చేతిపనుల ఊళ్ళు చూడటం కూడా విహారమే. వరాహనది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ, చెట్ల నుంచి తీసిన రంగులు కలిపిన లక్క అద్ది బొమ్మలు చేస్తారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్రతో వీణలు తయారవుతాయి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరు కోసం పత్తిని శుభ్రం చేయడానికి ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకనే వాడతారు. దాని సన్నని పళ్ళు దూదిని దువ్వినంత మెత్తగా మరే పనిముట్టూ దువ్వలేదు. అదే జిల్లాలో అరసవల్లి సూర్యదేవాలయం, కూర్మావతారానికి వెలసిన శ్రీకూర్మం ఉన్నాయి. అరసవల్లిలో మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజులు ఉదయపు కిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. తేలినీలాపురం, తేలుకుంచి గ్రామాలకు ఏటా వలస పక్షులు వచ్చి ఇళ్ళ నడుమ చెట్ల మీదే గూళ్ళు కడతాయి. వాటికి కీడు తలపెట్టనివ్వకుండా ఊరివాళ్ళే కాచుకుంటారు.

గోదావరి

గోదావరిని చూడటానికి రాజమహేంద్రవరం మంచి మొదలు. 1974లో ప్రారంభమైన రోడ్డు, రైలు వంతెన మీద సాయంత్రం వేళ ప్రయాణిస్తే నది వెడల్పు ఎంతో అర్థమవుతుంది. పక్కనే 1900లో పూర్తయి, దాదాపు వందేళ్ళు రైళ్ళను మోసి విశ్రమించిన హేవలాక్ వంతెన ఉంది. కొద్ది కిలోమీటర్ల దిగువన ధవళేశ్వరం. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట, కరవు పీడించిన ఆ ప్రాంతాన్ని రాష్ట్రపు అన్నపు గిన్నెగా మార్చింది. అక్కడి కాటన్ మ్యూజియంలో ఆనాటి నిర్మాణపు తీరు వివరంగా తెలుస్తుంది. కోనసీమ పచ్చదనమంతా ఈ ఆనకట్ట నుంచి బయల్దేరిన కాలువల చలవే కాబట్టి, దీన్ని చూశాకే కోనసీమకు వెళ్ళడం సబబు.

పాపికొండల పడవ ప్రయాణం రాష్ట్రంలో చేయదగిన పనుల్లో ముందు వరసలో నిలుస్తుంది. రెండు వైపులా అడవి కమ్మిన కొండలు దగ్గరకు జరిగి గోదావరిని ఇరుకు సందులోంచి పోనిస్తాయి. మైదానంలో మైళ్ళ వెడల్పున పరచుకునే నది ఇక్కడ లోతుగా, నిశ్శబ్దంగా సాగుతుంది. పోలవరం ప్రాజెక్టు నిర్మాణం మొదలయ్యాక రేవులు మారాయి. ఇప్పుడు పడవలు ఇటు గండి పోచమ్మ గుడి వైపు నుంచి, అటు భద్రాచలం వైపు పోచవరం నుంచి నడుస్తున్నాయి. దారిలో పేరంటపల్లి శివాలయం దగ్గర ఆగుతాయి. 2019 సెప్టెంబరులో వరద సమయంలో కచ్చులూరు వద్ద పడవ మునిగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత ప్రయాణాలు చాలాకాలం ఆపి, కంట్రోలు గదులు, అనుమతులు ఏర్పరచి మళ్ళీ మొదలుపెట్టారు. లైఫ్ జాకెట్ వేసుకోకుండా గానీ, అనుమతి లేని పడవలో గానీ ఎక్కకూడదన్నది ఇక్కడ మొదటి నియమం. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు నది నెమ్మదిగా, ఎండ హాయిగా ఉంటుంది.

ధవళేశ్వరం దిగువన నది గౌతమి, వశిష్ఠగా చీలి సముద్రం చేరేలోపు మధ్యలో ఏర్పడ్డ లంక నేల కోనసీమ. కాలువ గట్టు వెంట కొబ్బరితోటల్లో సైకిలు మీదో, మోటారుసైకిలు మీదో తిరగడమే ఇక్కడి విహారం. ప్రత్యేకించి చూడవలసిన స్థలాల పట్టిక అక్కర్లేదు. దిండిలో వశిష్ఠ పాయ మీద హౌస్‌బోట్లు ఉన్నాయి, అంతర్వేదిలో నది సముద్రంలో కలిసే చోటు చూడవచ్చు. కడియం, కడియపులంక నర్సరీలు రోడ్డుకు రెండువైపులా మొక్కలు, పూలతో నిండి ఉంటాయి. దేశం నలుమూలలకూ ఇక్కడి నుంచే మొక్కలు వెళతాయి. ఆత్రేయపురంలో వీధి అరుగుల మీద పూతరేకులు తీసే ఆడవాళ్ళు కనిపిస్తారు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క ఊపున పరిచి లాగితే, క్షణంలో కాగితంకంటే పల్చని రేకు లేస్తుంది. ఆ రేకు తీయడం పక్కన కూర్చుని చూసి, అక్కడే బెల్లం, నెయ్యి వేయించుకుని తినాలి. దుకాణంలో కొన్న పెట్టెకు ఆ రుచి రాదు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

వరదల కాలంలో సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కే చేప పులస. జూలై నుంచి సెప్టెంబరు వరకే దొరుకుతుంది, ధర వేలల్లో పలుకుతుంది. కాకినాడ వైపు వెళితే కోరింగ మడ అడవి ఉంది. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్ళ మధ్య కర్రబాట మీద నడవవచ్చు, పడవలో పాయల గుండా వెళ్ళవచ్చు. నీటిపిల్లికి ఇది ముఖ్యమైన ఆవాసం, పగటిపూట కంటపడటం మాత్రం అరుదు. తుఫానుల దెబ్బను ఈ అడవి, ఎదుటి హోప్ ఐలండ్ కలిసి కాకినాడ మీద పడకుండా కాస్తాయి. కార్తీకమాసంలో ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం, అమరావతి పంచారామాలను ఒక్క రోజులో చూపించే ఆర్టీసీ బస్సులు నడుస్తాయి. దారిలోని కొల్లేరు మంచినీటి సరస్సుకు 2002లో రామ్‌సర్ గుర్తింపు దక్కింది. ఆటపాక దగ్గర చలికాలంలో గూడబాతులు వందలుగా కనిపిస్తాయి.

కృష్ణా తీరం

విజయవాడలో ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గ గుడి, దాని కిందే 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ, నది నడుమ భవానీ ద్వీపం ఉన్నాయి. అవతలి ఒడ్డున ఉండవల్లిలో ఒకే కొండను నాలుగు అంతస్తులుగా తొలిచారు. లోపల పడుకున్న అనంతపద్మనాభుడి భారీ విగ్రహం ఏకశిల. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రను ఆరబెట్టి, బొమ్మలను భాగాలుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతికించి రంగులేస్తారు. కల్లుగీత కార్మికుడు, దశావతారాలు, అంబారీ ఏనుగు ఆ చేతుల నుంచే వస్తాయి. బొమ్మల కాలనీలో ఇంటింటా పని జరుగుతూ ఉంటుంది, అడిగితే విసుక్కోకుండా చూపిస్తారు. పెడనలో చెక్క అచ్చులతో అద్దే కలంకారీ, కూచిపూడిలో సిద్ధేంద్రయోగి పేరుతో ముడిపడిన నృత్యకళాపీఠం కృష్ణా డెల్టాలోనే ఉన్నాయి.

అమరావతి మహాచైత్యం చూడబోయేవారు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. 1797లో సర్వేయరు కాలిన్ మెకంజీ కంటబడ్డాక ఇక్కడి సున్నపురాతి శిల్పాల్లో సింహభాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి, లండన్ బ్రిటిష్ మ్యూజియానికి చేరింది. స్తూపం దగ్గర మిగిలింది గుండ్రని వేదిక, కొన్ని పలకలు. స్థానిక మ్యూజియంలో దాచినవి తక్కువే అయినా, వాటి ముందు ఒక గంట నిలబడితే రెండువేల ఏళ్ళనాటి శిల్పి గుంపులను, గుర్రాలను, ఆడవాళ్ళ నడుము ఒంపులను ఎంత నేర్పుతో చెక్కాడో తెలుస్తుంది. నాగార్జునకొండ కథ మరో రకం. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నిలిచిన లోయ నాగార్జునసాగర్ నీళ్ళలో మునగబోతుంటే, 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసి, ముఖ్యమైన కట్టడాలను కొండమీదికీ, అనుపు దగ్గరికీ తరలించారు. ఆ కొండ ఇప్పుడు దీవి. విజయపురి సౌత్ నుంచి లాంచీలో వెళ్ళి మ్యూజియం చూడాలి, నీళ్ళ మీది ఆ ప్రయాణమే సగం ఆనందం. దగ్గర్లోనే చంద్రవంక వాగు డెబ్భై అడుగుల ఎత్తునుంచి దూకే ఎత్తిపోతల జలపాతం. బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్ కుటుంబాలతో వెళ్ళడానికి అనువైనది.

నెల్లూరు దక్షిణం

పులికాట్ దేశంలో చిలికా తరువాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా లోతులేని నీళ్ళలో రాజహంసలు బారులు తీరి మేత మేస్తాయి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు సరస్సును చీలుస్తూ పోతుంది కాబట్టి బస్సు కిటికీలోంచి కూడా వాటిని చూడవచ్చు. సమీపంలోని నేలపట్టులో నీళ్ళలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు పిల్లలను పెంచుతాయి. ఈ కాలంలో సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో పండుగ జరుపుతారు.

అదే రోడ్డు చివర సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం. 2019 నుంచి ఇక్కడ అయిదువేల మంది కూర్చుని రాకెట్ ప్రయోగం చూసే గ్యాలరీ ఉంది. ఇస్రో వెబ్‌సైట్లో ముందుగా పేరు నమోదు చేసుకుంటే ప్రవేశం ఉచితం. మంట కనబడిన కొన్ని క్షణాలకు గానీ చప్పుడు చేరదు, చేరినప్పుడు గుండెల్లో అదురు పుడుతుంది. ఒక దేశపు శాస్త్రజ్ఞులు చేసిన పనిని పౌరులు కళ్ళారా చూడగల ఇలాంటి వీలు ప్రపంచంలో కొద్ది చోట్లే ఉంది. తెలుగు ఇళ్ళ పిల్లలందరికీ ఒక్కసారైనా ఈ అవకాశం దక్కాలి.

రాయలసీమ

రాయలసీమకు కరవు సీమ అన్న పేరు పడటంతో విహారానికి వచ్చేవారు తక్కువ. నిజానికి రాష్ట్రంలో ఒకే దారిలో ఇన్ని వింతలు దొరికేది ఇక్కడే. జమ్మలమడుగు నుంచి గండికోట, అక్కడి నుంచి బెలుం, యాగంటి, అటు తాడిపత్రి గుళ్ళు, లేపాక్షి: నాలుగైదు రోజులు చేతిలో ఉంటే తీరిగ్గా చూడవచ్చు.

గండికోట దగ్గర పెన్నానది ఎర్రమల కొండలను నిలువునా కోసింది. అంచున నిలబడితే వందల అడుగుల కింద పచ్చని నీరు, రెండువైపులా దిమ్మెలు పేర్చినట్టున్న ఎర్రని రాతి గోడలు. ఈ లోయే కోటకు ఒకవైపు సహజమైన కందకమైంది. విజయనగర కాలంలో, ఆ తరువాత పెమ్మసాని నాయకులు ఈ కోటను ఏలారు. లోపల మాధవరాయ ఆలయపు గోపురం, రంగనాథాలయం, జామియా మసీదు, ఎత్తైన ధాన్యాగారం ఒకదానికొకటి కూతవేటులో నిలిచి ఉన్నాయి. లోయను మధ్యాహ్నం చూసి వెళ్ళిపోయేవారు సగమే చూసినట్టు. ఏటవాలు వెలుగు పడితేనే రాతి పొరలు ఒక్కొక్కటిగా తేలి కనబడతాయి. కాబట్టి సాయంత్రానికి చేరి, టూరిజం హోటల్లోనో గుడారంలోనో రాత్రి గడిపి, సూర్యోదయం చూసి కదలాలి. అంచున కంచె లేని చోట్లు చాలా ఉన్నాయి, పిల్లలతో వెళ్ళినవారు చెయ్యి వదలకూడదు.

బెలుం గుహలు బయటి నుంచి కనబడవు. చదునైన పొలాల నడుమ నేలలో ఒక గొయ్యి, అందులోంచి మెట్లు దిగితే భూగర్భంలో 3,229 మీటర్ల పొడవున సొరంగాల అల్లిక. 1884లో భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటి గురించి రాశాడు. తరువాత 1980వ దశకంలో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం కొలతలు తీసింది. 2002 నుంచి సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల మేర జనానికి తెరిచారు. బొర్రా గుహ ఒక పెద్ద మందిరం, బెలుం నడిచి తిరిగే వీధుల ఊరు. భూగర్భ ప్రవాహం సున్నపురాతిని గుండ్రంగా, నున్నగా కోసింది. తడితే సంగీతం పలికే రాతి ఊడలున్న గది, అట్టడుగున పాతాళగంగ అనే చిన్న ధార ఇక్కడి ఆకర్షణలు. లోపల ఉక్క ఎక్కువ, అందుకే గాలిని గొట్టాల ద్వారా పంపుతారు. వేసవిలో ఇది కష్టమైన నడక.

లేపాక్షి వీరభద్రాలయాన్ని పదహారో శతాబ్దంలో అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించారు. నేలకు పూర్తిగా ఆనని స్తంభం కింద గుడ్డ దూర్చి చూడటానికే అందరూ గుమిగూడుతారు. కళ్ళు పైకెత్తితే దానికి మించినది ఉంది. ముఖమండపపు కప్పు నిండా పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయం వంటి కథల వర్ణచిత్రాలు. ఆనాటి చీరల అంచులు, కొప్పుల తీరు, నగలు, టోపీలు వాటిలో స్పష్టంగా కనిపిస్తాయి. విజయనగర చిత్రకళ ఇంత విస్తారంగా మిగిలిన చోట్లు అరుదు. ఊరి మొదట్లో ఒకే రాతిలో మలిచిన నంది 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. లేపాక్షి 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. కదిరి దగ్గర అయిదెకరాల మేర పరచుకున్న తిమ్మమ్మ మర్రిమానును 1989లో గిన్నిస్ పుస్తకంలో నమోదు చేశారు. ధర్మవరం పక్కనే నిమ్మలకుంటలో మేకతోలును పల్చన చేసి, చిల్లులు పొడిచి, రంగులద్ది తోలుబొమ్మలు, దీపపు గలీబులు చేస్తారు.

నల్లమల అడవిలో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోనే అతి పెద్దది. తుమ్మలబైలు, బైర్లూటి దగ్గర జీపు సఫారీలు ఉన్నాయి. శ్రీశైలంలో మల్లన్న దర్శనంతో ఆగిపోకుండా రోప్‌వేలో పాతాళగంగ రేవుకు దిగి, పడవలో అక్కమహాదేవి గుహలకు వెళ్ళాలి. అహోబిలంలో తొమ్మిది నరసింహ క్షేత్రాలు కొండల మీద, వాగుల పక్కన చెదిరి ఉన్నాయి. ఉగ్రస్తంభం దాకా ఎక్కడం గట్టి కాళ్ళవారికే. తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం గుంపులుగా వజ్రాల కోసం నేలంతా వెదకడం ఈ సీమలో ఏటా కనబడే దృశ్యం.

తిరుపతి చుట్టూ కూడా రెండు రోజులు గడపవచ్చు. అలిపిరి మెట్లదారిలో నడిచి కొండెక్కడం భక్తులకు మొక్కు, అడవిని ఇష్టపడేవారికి మంచి నడక కూడా. కొండమీద రాతిలో సహజంగా ఏర్పడిన శిలాతోరణం భూగర్భ శాస్త్రజ్ఞులకు విలువైనది. చంద్రగిరిలో విజయనగర రాజుల రాజమహల్, అడవిలో 270 అడుగుల తలకోన జలపాతం, చేత్తో కలం పట్టి పురాణగాథలు గీసే శ్రీకాళహస్తి కలంకారీ గంట, రెండు గంటల దూరంలోనే ఉన్నాయి. మదనపల్లె వైపు హార్స్‌లీ కొండలను కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యూ.డి. హార్స్‌లీ పంతొమ్మిదో శతాబ్దంలో వేసవి విడిదిగా చేసుకున్నాడు. మే నెలలో కూడా అక్కడ రాత్రి దుప్పటి కావాలి. ఈ దారిలో రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఉదయం పూట ఉగ్గాణి బజ్జి తినకుండా రాయలసీమ రుచి తెలియదు.

పండుగలు, జాతరలు

జాతరల కాలంలో ప్రయాణం కష్టం, గదులు దొరకవు. అయినా ప్రజల మధ్య నిలబడి చూడవలసినవి కొన్ని ఉన్నాయి. సంక్రాంతి మూడో రోజు కనుమనాడు కోనసీమలో జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. వెదురు, రంగుగుడ్డలతో కట్టిన ఎత్తైన ఆ ప్రభలను భుజాల మీద మోస్తూ, పచ్చని వరిచేల మధ్యగా, కౌశిక కాలువ నీళ్ళలో దిగి దాటిస్తారు. చేను తొక్కితే పంట పోతుందని రైతు బాధపడడు, రుద్రుడు నడిచిన నేల మరింత పండుతుందని నమ్ముతాడు. అదే పండుగలో గంగిరెద్దులు, హరిదాసులు, భోగిమంటలు ఊరూరా ఉంటాయి. కోడిపందేలు మాత్రం చట్టం నిషేధించినవి, కోళ్ళకు నరకం. వాటిని వినోదంగా చూడకూడదు.

విజయదశమి తరువాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం. పొడవైన చింతమాను కొసన కూర్చున్న పూజారి గాలిలో తేలుతూ గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతాడు. వీధులు, మిద్దెలు జనంతో నిండిపోతాయి కాబట్టి ఉదయమే చోటు చూసుకోవాలి. మే నెలలో తిరుపతి గంగమ్మ జాతరలో మొక్కుకున్న మగవాళ్ళు వారం రోజులు రోజుకో వేషం కడతారు, ఆడవేషం కట్టడం అందులో ఒకటి. మొహర్రం సమయంలో నెల్లూరు స్వర్ణాల చెరువులో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరుగుతుంది. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగపు రొట్టె అంటూ కోరిక తీరినవాళ్ళు నీళ్ళలో నిలబడి రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్ళు పుచ్చుకుంటారు. ఇచ్చేది ఏ మతమో పుచ్చుకునేది ఏ మతమో ఎవరూ అడగరు. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో రాత్రంతా విద్యుద్దీపాల ప్రభలు వెలుగుతాయి. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం మాత్రం రాత్రి వెన్నెలలో చేస్తారు.

కాలం, ప్రయాణం

మొత్తం మీద అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా రాష్ట్రమంతటా తిరగడానికి అనువైన కాలం. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో తుఫానులు పుడతాయి కాబట్టి తీరానికి వెళ్ళేముందు వాతావరణ హెచ్చరికలు చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో రాయలసీమ, కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు అరకు, హార్స్‌లీ కొండలు మేలు. వానాకాలంలో జలపాతాలు నిండుగా ఉంటాయి, పులుల అభయారణ్యంలో సఫారీలు మాత్రం ఆపేస్తారు. చెన్నై-హౌరా రైలుమార్గం తీరం పొడవునా పోతుంది, కాబట్టి కోస్తా ఊళ్ళకు రైలు సులువు. రాయలసీమ లోపలి స్థలాలకు కడప, నంద్యాల, అనంతపురం, హిందూపురంలో దిగి బస్సో కారో మాట్లాడుకోవాలి. బీచ్‌లన్నింటిలో స్నానానికి దిగడం క్షేమం కాదు. విశాఖ రామకృష్ణా బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాలకు ఈతగాళ్ళు కూడా బలయ్యారు, హెచ్చరిక బోర్డులున్న చోట పాదాలు తడుపుకుని ఆగిపోవాలి. మన్యంలో గిరిజనుల ఫోటోలు తీసేముందు అనుమతి అడగాలి, కాఫీ, పసుపు, తేనె వంటివి గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో కొంటే డబ్బు పండించినవారికి చేరుతుంది.